డబ్బిచ్చి కొన్న ఆట

నేను డబ్బిచ్చి కొన్న మొదటి కంప్యూటర్ గేము నన్ను దొంగ అంది. అంతకు ముందు పదేళ్ళపాటు, కవరు మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసిన డిస్కుల్లో ఎన్నో గేములు ఆడాను. వాటిలో ఒక్కటీ నన్ను పల్లెత్తు మాట అనలేదు.

అప్పట్లో విజయవాడ వన్ టౌన్‌లో ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకుని మేమిద్దరం పెళ్ళి వీడియోలు చేసేవాళ్ళం. ఇద్దరం అంటే నేనూ, నా భాగస్వామీ. ఆయన కెమెరా పట్టేవాడు. నేను గదిలో కూర్చుని కంప్యూటర్ మీద మిక్సింగ్ చేసి, డిస్కులు కొట్టేవాణ్ణి. ఆయన్ని నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను గురూ అనేవాడు. వాళ్ళ నాన్నగారు అదే వీధిలో గడియారాలు బాగుచేసేవారు. భాయ్ వందల పెళ్ళిళ్ళు తీశాడు కాబట్టి మా పెళ్ళితంతు మాకంటే ఆయనకే బాగా తెలుసు. ఒక పెళ్ళిలో పురోహితుడుగారు ఏదో ఆలోచిస్తూ తలంబ్రాల పళ్ళెం మీదికి చెయ్యి పోనిస్తే, కెమెరా వెనకనుంచి "ఇంకా తాళి కట్టలేదండీ" అని అందించాడు.

ఈ గొడవంతా హనుమాన్ జంక్షన్‌లో ఒక ఓణీల ఫంక్షను దగ్గర మొదలైంది. భాయ్ వెళ్ళి ట్రైపాడ్ వేసుకుంటుంటే హాల్లో టీవీలో ఎవరిదో పెళ్ళి వీడియో ఆడుతోంది. చుట్టాలంతా కూర్చుని చూస్తున్నారు. రెండు నిమిషాలు చూసేసరికి భాయ్‌కి అనుమానం వచ్చింది. మూడో నిమిషంలో పెళ్ళికొడుకు నల్ల కళ్ళజోడులో, కెమెరా భుజాన పెట్టుకున్న తన నీడే తనకు కనబడింది. అది మేం మాఘమాసంలో చేసిన పెళ్ళి. మేం ఇచ్చింది రెండు డిస్కులు. ఇది మూడోదో, ముప్ఫయ్యోదో తెలియదు. పైగా మొదట్లో మా పేరుండాల్సిన చోట ఇంకెవరిదో స్టూడియో పేరు, దాని చుట్టూ గులాబీలు గుండ్రంగా తిరుగుతున్నాయి.

ఇంటాయన భాయ్ భుజం తట్టి, "చూశారా, ఎంత బాగా తీశారో! మాది కూడా ఇట్టాగే రావాలండీ" అన్నారట.

మర్నాడు గదికి రాగానే, సంచీ భుజం మీదనుంచి దించకుండానే భాయ్ అన్నాడు: "గురూ, మన డిస్కులకి తాళం వెయ్యాలి."

అలాంటి తాళాలు ఇంటర్నెట్లో అమ్ముతున్నారని రెండు రోజుల్లో తేలింది. అది డిస్కులో కావాలనే కొన్ని పాడు ముక్కలు పెడుతుంది. కాపీ చేయబోయిన కంప్యూటరు వాటి దగ్గర కొట్టుకుని కొట్టుకుని ఆగిపోతుంది, ఇంట్లో ఉండే ప్లేయరు మాత్రం వాటిని దాటుకుంటూ పోయి బొమ్మ చూపిస్తుంది. వాళ్ళు రాసుకున్నది ఇదీ. మేం కొన్నాం. ఒక డిస్కుకి తాళం వేసి మా గదిలో ప్లేయర్లో పెడితే చక్కగా ఆడింది. అదే డిస్కుని తెలిసినాయన కంప్యూటర్లో కాపీ చేయించబోతే సగానికి కూడా రాకుండా చతికిలబడింది. ఇద్దరం చప్పట్లు కొట్టుకుని, కింద హోటల్నుంచి పెసరట్లు తెప్పించుకుని తిన్నాం. జ్యేష్ఠమాసం పెళ్ళిళ్ళన్నీ తాళం వేసే ఇచ్చాం.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒకరోజు భాయ్ దేనికోసమో నా సొరుగు లాగాడు. లోపల దొంతరగా గేముల డిస్కులు.

"ఇవి కొన్నవేనా గురూ?"

నేను స్క్రీను వైపు చూస్తూ కూర్చున్నాను.

"మన సరుక్కి తాళం వేసుకుని, ఎదుటివాడి సరుకు ఊరికే వాడుకుంటే ఎట్టా? నేను పొద్దున్నే నమాజు చేసుకొచ్చి నీ పక్కన కూర్చునేవాణ్ణి. నాకూ అంటుద్ది గదా."

దొంతర మొత్తం తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆ డిస్కులన్నీ ఆయన తోడల్లుడి జామతోటకి వెళ్ళిపోయాయి. అక్కడ దారాలకు వేలాడుతూ, ఎండకు తళతళ మెరుస్తూ చిలకల్ని బెదిరించాయి. చిలకలు భయపడ్డాయో లేదో గాని నేను మాత్రం ఇకమీదట ఏది ఆడినా కొనే ఆడతానని మాటిచ్చాను.

ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు, మాకు పని లేదు. ఊళ్ళో బట్టల కొట్లన్నీ ఆషాఢం తగ్గింపుల బోర్డులు కట్టాయి. ఎక్కడో సముద్రాల అవతల గేములమ్మేవాడికి మన ఆషాఢం సంగతి ఎలా తెలిసిందో, వాడూ అదే వారం బోర్డు కట్టాడు. నదికి ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వి, ఊళ్ళు నిలబెట్టే ఒక గేము మీద నాకు ఏడాదిగా కన్నుంది. దాని మీద డెబ్బై ఐదు శాతం తగ్గింపు. డిస్కు రాదు, అట్టపెట్టె రాదు, ఇంటర్నెట్లో దించుకోవడమే. పక్కన గడియారం సెకన్లతో సహా వెనక్కి తిరుగుతూ ఇంకెంతసేపు ఉందో చెబుతోంది. ఆ గడియారాన్ని చూసి గాభరాపడి కార్డు నంబరు కొట్టేశాను.

మా ఆవిడ లెక్కల టీచరు. ఆవిడ దగ్గర దాచడం కుదరదు.

"మొన్న ఆషాఢం సేల్లో నేను చీర కొంటే, ఇది అవసరమా అన్నారు. ఇది అవసరమా?"

"ముప్పావు వంతు తగ్గించాడు."

"నాకూ బాగానే తగ్గించాడు. పైగా నా చీర బీరువాలో ఉంది. మీరు కొన్నది ఎక్కడుంది?"

"వస్తోంది. నాలుగు రోజులు పడుతుంది."

"లారీలోనా?"

లారీ అయితే ముందే వచ్చేది. మా గదిలో ఉన్న బ్రాడ్‌బ్యాండ్ బొట్టుబొట్టుగా కారేది. దానికి తోడు రోజూ కరెంటు కోత. తొంభై శాతం వచ్చాక కరెంటు పోతే, మళ్ళీ వచ్చేసరికి ఒక్కోసారి అక్కడినుంచే మొదలయ్యేది, ఒక్కోసారి మొదటికొచ్చేది. భాయ్ ఆసుపత్రిలో ఉన్న మనిషిని అడిగినట్టు, మెట్లెక్కుతూనే "ఎట్టా ఉంది?" అని అడిగేవాడు. ఆరో రోజు మధ్యాహ్నానికి దిగింది.

గేము మొదటిసారి తెరవగానే ఇంటర్నెట్లో కంపెనీని అడిగి అనుమతి తెచ్చుకుంది. అలాంటి అనుమతులు మొత్తం మూడే ఇస్తామని రాసి ఉంది. నాకు ఒక్కటి చాలు గదా, మిగతా రెండూ ఏం చేసుకోను అనుకున్నాను. సంగీతం మొదలైంది. నది కనబడింది. వెంటనే నది మాయమై ఒక పెట్టె వచ్చింది: మీ కంప్యూటర్లో డిస్కులు కాపీ చేసే సాఫ్ట్‌వేర్ ఉన్నట్టు గుర్తించాం, దాన్ని తొలగించేదాకా ఈ గేము నడవదు.

భాయ్ ఆ ఇంగ్లీషు రెండుసార్లు చదివాడు. "డబ్బులు పుచ్చుకునేటప్పుడు చూళ్ళేదా వీడు? మన పనే డిస్కులు కొట్టడం గదా గురూ. చాకలి ఇంట్లో బట్టలున్నాయని దొంగతనం కట్టినట్టుంది."

ఎలాగూ ఆషాఢమే, పని లేదు, పెళ్ళిళ్ళు మొదలయ్యేలోపు మళ్ళీ ఎక్కించుకోవచ్చు అనుకుని డిస్కులు కొట్టే సాఫ్ట్‌వేర్ తీసేశాను. అయినా గేము ఒప్పుకోలేదు. దాని ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయంది. చివరికి పెళ్ళిళ్ళన్నీ వేరే హార్డ్ డిస్కులో ఉన్నాయని మూడుసార్లు చూసుకుని, కంప్యూటర్ మొత్తం తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కించాను. గేముకి అది కొత్త కంప్యూటరులా కనబడింది. రెండో అనుమతి ఖర్చయింది. కానీ నది మాత్రం వచ్చింది. రెండు రోజులు ఆనకట్ట కట్టుకుంటూ ఒళ్ళు తెలియకుండా కూర్చున్నాను.

మూడో రోజు పొద్దున చల్లపల్లి అవతలనుంచి ఒక పెద్దాయన వచ్చారు. అరవై దాటిన రైతు. జ్యేష్ఠంలో వాళ్ళమ్మాయి పెళ్ళి మేమే తీశాం. కండువాలో చుట్టి తెచ్చిన డిస్కు తీసి బల్ల మీద పెట్టారు.

"బాబూ, మా అమ్మాయి పెళ్ళి ఆడట్లేదు."

"ఆడకపోవడమేంటండీ?"

"ఆషాఢానికి పిల్ల ఇంటికొచ్చింది. పెళ్ళి చూద్దామని పేటంతా వచ్చి కూర్చున్నారు. గణపతి బొమ్మొచ్చింది, పేర్లొచ్చినయ్యి. ఆ తర్వాత మేళం గుర్రుమంది, ఇంక కదల్లా. పక్కింటాళ్ళ మిషన్లో పెట్టాం, ఎదురింటాళ్ళ దాంట్లో పెట్టాం. మా ఆవిడైతే పెళ్ళి నిజంగా జరిగిందా అని అనుమానపడుతోంది."

భాయ్ నావైపు చూశాడు, నేను భాయ్ వైపు చూశాను. డిస్కు తీసి మా ప్లేయర్లో పెడితే సన్నాయి నిక్షేపంగా మోగింది.

"మీ మిషన్లో ఆడితే నాకేం లాభం బాబూ? అందరూ ఇక్కడికొచ్చి చూడాలా?" అన్నారు పెద్దాయన. కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు.

మా ప్లేయరు ఖరీదైనది. ఊళ్ళల్లో అందరి ఇళ్ళల్లో ఉన్నవి చౌక ప్లేయర్లు. మేం పెట్టిన పాడు ముక్కల్ని అవి దాటలేకపోతున్నాయి. దొంగలకని వేసిన తాళం నేరుగా పెళ్ళికూతురి తండ్రికే పడింది. జ్యేష్ఠంలో ఎన్ని పెళ్ళిళ్ళు చేశామో లెక్కపెడితే నా రెండు చేతుల వేళ్ళూ చాల్లేదు.

"తాళం లేకుండా కొట్టి ఇచ్చేద్దాం" అన్నాను. అనగానే గుర్తొచ్చింది, డిస్కులు కొట్టే సాఫ్ట్‌వేరే లేదు. దాని సీడీ భాయ్ ఇంట్లో ఉంది. "అరగంటలో వస్తానండీ, కూర్చోండి" అని భాయ్ స్కూటర్ తీశాడు.

పెద్దాయనకి కాఫీ తెప్పించి, గేము మూసేద్దామని మౌస్ మీద చెయ్యి వేశాను.

"అదేంటి బాబూ? బ్యారేజీలాగుంది."

"ఏం లేదండీ, ఆట."

"కుడి వైపు కాలవ అంత మెట్టన ఎందుకు తవ్వావు? నీళ్ళెట్టా ఎక్కుతాయి?"

నా పల్లెలో రెండు రోజులుగా పంట ఎందుకు ఎండిపోతోందో నాకు అప్పుడు తెలిసింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "ఈ కాలవ పూడ్చెయ్యి. పల్లం చూసుకుని ఇట్టా తిప్పుకురా. ఇక్కడో తూము పెట్టు. ముందు శివారు భూములకు వదలాలి, పైవాడు ఎట్టాగూ తోడుకుంటాడు." నేను ఆయన చెప్పినట్టు చేశాను. నీళ్ళు నీలంగా కదిలి, కాలవ చివరి పొలందాకా వెళ్ళాయి. పొలం పచ్చబడింది.

పెద్దాయన ఆ పొలం దగ్గరగా చూడ్డానికి ముందుకు వంగారు. ఆయన భూమి కూడా కాలవ చివరనే ఉందట. ఆ ఏడు నీళ్ళు ఇంకా వదల్లేదు. వదిలాక కూడా వాళ్ళ ఊరికి చేరేసరికి పైనున్న ఊళ్ళల్లో నాట్లు అయిపోతాయట. "నొక్కితే ఎంత చక్కగా వస్తున్నాయి నీళ్ళు" అన్నారు.

అరగంటలో వస్తానన్న భాయ్ గంటకు వచ్చాడు. సీడీ చూపిస్తూ "లెగు గురూ" అన్నాడు.

"ఉండవయ్యా, ఈ తడి పూర్తి కానీ" అన్నారు పెద్దాయన, స్క్రీను మీదనుంచి కళ్ళు తిప్పకుండా.

తడి పూర్తయ్యాక సాఫ్ట్‌వేర్ ఎక్కించి, తాళం లేకుండా మూడు డిస్కులు కొట్టాం. కింద కొట్టాయన దగ్గర చౌక ప్లేయరు అడిగి తెచ్చి పెట్టి చూపించాం. అప్పగింతల దగ్గర పెళ్ళికూతురు పాలగిన్నెలో ముంచిన చేతులు తీసి వాళ్ళ నాన్నని పట్టుకుంటే, పెద్దాయన కండువాతో ముక్కు తుడుచుకుని "ఇక చాలు, ఆడుతోంది" అన్నారు. బయల్దేరబోతూ ఆగారు.

"ఆ కాలవల ఆట కూడా ఒక డిస్కులో కొట్టియ్యండి బాబూ. మా అల్లుడికి కంప్యూటరుంది."

"అది కాపీ అవదండీ."

"అదేం? మీరు కొన్నారు గదా?"

"కొన్నామండీ."

"మరి మీదే గదా?"

"మాదేనండీ... అంటే, ఈ కంప్యూటర్లో మాదండీ. దీంట్లో కూడా మీ డిస్కు కొట్టాం కాబట్టి ఇప్పుడు కాదండీ."

ఆయన మా ఇద్దరివైపు జాలిగా చూసి, "సరేలెండి, నేనే వస్తా" అన్నారు.

అనడమే కాదు, వచ్చారు. ఎరువులకనో, పంటి నొప్పి అనో విజయవాడ వచ్చినప్పుడల్లా మా మెట్లెక్కేవారు. వచ్చేటప్పుడు చక్కెరకేళి అరటిపళ్ళు తెచ్చేవారు. నేను ఈలోగా కంప్యూటర్ మళ్ళీ తుడిచి, మూడో అనుమతి వాడేసి, ఆయన పేరున వేరే ఊరు మొదలుపెట్టి ఉంచాను. ఆయన కుడి చెయ్యి అలవాటు పడేదాకా మౌస్‌ని ఎద్దు ముకుతాడు లాగినట్టు లాగేవారు. కానీ ఆ ఊళ్ళో ఎవరి చేనూ ఎండలేదు.

ఒకరోజు కరెంటు పోయి వచ్చిన అదురుకు కంప్యూటర్లో మదర్‌బోర్డు కాలిపోయింది. కొత్తది వేయించి గేము తెరిస్తే, ఇది వేరే కంప్యూటరు, మీ అనుమతులు మూడూ అయిపోయాయి అంది. నేను తల పట్టుకుని కూర్చున్న సమయానికి అరటిపళ్ళతో పెద్దాయన వచ్చారు. సంగతి చెప్పాను.

"దీనికి ఆఫీసు లేదా?"

"ఉందండీ. ఉత్తరం రాయాలి."

"మరి రాయి. అర్జీ రాయడం నాకొదిలెయ్." కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. కాలవ నీళ్ళ కోసం ఆయన ఇరిగేషన్ ఆఫీసుకి రాసిన అర్జీలు బోలెడట. "మొదట నమస్కారం పెట్టు. తర్వాత మనమెవరో చెప్పు. తప్పు వాళ్ళదని ఎక్కడా అనమాక. వాళ్ళకే తెలియాలి. చివర్లో, తమ దయ అను."

ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో కొడుతూ పోయాను. అయ్యా, మేము కృష్ణా జిల్లావాళ్ళము, పెళ్ళి వీడియోలు చేసుకుని బతికేవాళ్ళము, తమ గేము రొక్కమిచ్చి కొన్నవాళ్ళము అని మొదలైంది. అమ్మాయి పెళ్ళి, ఆషాఢానికి పుట్టింటికి రావడం, డిస్కు ఆడకపోవడం, రెండుసార్లు తుడవడం, కరెంటు, మదర్‌బోర్డు, ఏదీ వదల్లేదు. శివారు భూములకు నీళ్ళు పెట్టే సమయం మించిపోతోందని కూడా రాయించారు. "అది ఆటలో గదండీ" అంటే, "వాళ్ళకేం తెలుసు?" అన్నారు. భాయ్ గోడవైపు తిరిగి నవ్వుతున్నాడు. కొన్నప్పుడు వచ్చిన రసీదు మెయిలు జతచేసి పంపించాం.

మర్నాటికి జవాబు వచ్చింది. మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం, ఇంకో మూడు అనుమతులు ఇచ్చాం, పెళ్ళికూతురికి మా శుభాకాంక్షలు, నీళ్ళు త్వరగా అందాలని కోరుకుంటున్నాం అని ఉంది. అడుగున ఏదో పొట్టి సంతకం. పెద్దాయన ఇంటికి ఫోన్ చేసి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు, చదివాను.

"ఒక్కరోజులోనా?" అన్నారు చివరికి. "ఆ బాబు అడ్రసు కనుక్కో. వాణ్ణి మా కాలవ లాకుల దగ్గర డ్యూటీకి వేయించుకుందాం."

శ్రావణంలో మళ్ళీ పెళ్ళిళ్ళు మొదలయ్యేముందు భాయ్, నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం. జ్యేష్ఠంలో చేసిన పెళ్ళిళ్ళ వాళ్ళందరికీ ఫోన్లు చేసి, అడిగినవాళ్ళకి కొత్త డిస్కులు కొట్టిచ్చాం. వీడియో మొదట్లో మా పేరు వేసుకోవడం మానేసి, బొమ్మకి ఆ పక్కనా ఈ పక్కనా చిన్న అక్షరాల్లో మా ఫోన్ నంబరు వీడియో పొడుగునా కనబడేట్టు వేశాం. తాళం సాఫ్ట్‌వేర్ తీసేశాం. కాపీ కొట్టుకునేవాడు మా నంబరుతో సహా కొట్టుకోవాల్సి వచ్చింది. ఎవరో ఎక్కడో చూసి, మాకు తెలియని ఊళ్ళనుంచి ఫోన్లు చేసేవారు. మేం వేసిన తాళం కంటే అదే నయమనిపించింది. ఇక మిక్సింగ్ ఒక కంప్యూటర్లో, గేము ఇంకో పాత కంప్యూటర్లో వేరు కాపురం పెట్టించాం. మా ఆవిడ ఆ పాత కంప్యూటర్ ఖర్చు కూడా గేము ఖరీదులో కలిపి, తగ్గింపు ఎంత మిగిలిందో కాగితం మీద చూపించింది. మిగలలేదు.

పెద్దాయన ఆ తర్వాత చాలా రోజులు రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని నేనే ఫోన్ చేశాను. వాళ్ళావిడ ఎత్తారు.

"ఆయన పొలంలో ఉన్నారు బాబూ. నిన్న కాలవొచ్చింది. మూడు రోజులు ముందే వచ్చింది ఈసారి. నారు పీకుతున్నారు, ఇప్పుడెక్కడ దొరుకుతారు?"

"చెప్పండమ్మా, నేను చేశానని."

"చెబుతా. ఆ ఆటలో ఆయన ఊరేదో ఉందంట గదా? దాంట్లో పైరు కోతకొచ్చిందంట, నీళ్ళు ఆపెయ్యమని నీకు చెప్పమన్నారు. కోతల టయానికి చేలో నీళ్ళు నిలవకూడదంట."

కంప్యూటర్ పెట్టి, ఆయన ఊరు తెరిచి, తూములు ఒక్కొక్కటే మూశాను.